మంచుకొండపై కావలి

చంద్రపూర్ ఎండలు ఎట్టివో మన ప్రాంతమువారికి వేరుగా చెప్పనక్కరలేదు. వేసవిలో పాదరసము 47, 48 డిగ్రీల వరకు ఎక్కును. ఈ సంవత్సరము తొమ్మిదవ తరగతికి భూగోళము బోధించుచు, సియాచిన్ ప్రాంతమున చలి సున్నకు దిగువ 50 డిగ్రీల వరకు పోవునని మేము చెప్పగా, ఒక బాలుడు లేచి, "అయ్యా, అక్కడ మనవాళ్లు ఎట్లా బ్రతుకుతారు?" అని అడిగెను. అతని అన్న సైన్యములో చేరియున్నాడని తరువాత తెలిసినది. ఆ దినము తరగతిలో చెప్పిన సమాధానమునే తల్లిదండ్రుల కొరకు ఇచ్చట వ్రాయుచున్నాము.

సియాచిన్ లడఖ్‌లోని కారకోరం పర్వతములలో ఉన్నది. దాని పొడవు సుమారు 76 కిలోమీటర్లు. ధ్రువప్రాంతములను విడిచినచో, ప్రపంచమునందలి మిక్కిలి పొడవైన హిమానీనదములలో అది ఒకటి. 1972లో గీచిన నియంత్రణరేఖ ఎన్.జె. 9842 అను బిందువు వద్ద నిలిచిపోయినది. అంతకు పైన ఉన్నదంతయు మంచే యగుటచే రేఖను పటముపై ముందుకు గీయలేదు. గీయని ఆ రేఖయే తరువాత వివాదమునకు మూలమైనది. 1978లో కర్నల్ నరేంద్రకుమార్ పర్వతారోహణదళముతో అచ్చటికి పోయి వచ్చెను. 1984 ఏప్రిల్ 13వ తేదీన "ఆపరేషన్ మేఘదూత్" అను పేర మన సైనికులు హెలికాప్టర్లలో బిలాఫోండ్ లా కనుమపై దిగిరి. నాటినుండి నేటివరకు ఆ కావలి విడువలేదు. 2003 నవంబరులో కాల్పుల విరమణ జరిగినది. కాని చలికి విరమణ లేదు. అచ్చట శత్రువు గుండ్లకంటె శీతలమునకే ఎక్కువమంది ప్రాణములు కోల్పోయిరి.

ఈ సిద్ధత ఊరక వచ్చినది కాదు. 1962 అక్టోబరులో ఈశాన్య సరిహద్దున నామ్కా చూ వాగు ఒడ్డున మన సైనికులలో అనేకులు పలుచని నూలు దుస్తులతోనే నిలువవలసివచ్చెను. వారికి ధైర్యము కొరవడలేదు. కొరవడినది ముందస్తు ఏర్పాటు. ఆ లోపమునకు మూల్యము ప్రాణములతో చెల్లింపబడినది.

నేడు ఎత్తైన ప్రదేశములకు పోవు సైనికుని ఒక్కసారిగా పైకి పంపరు. 9,000 నుండి 12,000 అడుగుల ఎత్తున ఆరు దినములు, 15,000 అడుగుల వరకు నాలుగు దినములు, ఆపైన మరి నాలుగు దినములు ఉంచి, శరీరమును పలుచని గాలికి అలవాటు చేయుదురు. తొలి దినములు విశ్రాంతి. పిదప కొద్దిపాటి నడక. ఆ తరువాతనే బరువుతో కొండ ఎక్కుట. ఈ పదునాలుగు దినములను తొందరపడి దాటించినచో ఊపిరితిత్తులలో నీరు చేరి, బలిష్ఠుడైన యువకుడు సైతము కూలిపోవును. 18,000 అడుగుల ఎత్తున గాలి ఒత్తిడి సముద్రతీరమున ఉన్నదానిలో సగమే. అచ్చట నీరు సుమారు 82 డిగ్రీలకే మరగును గాన, మూతలేని గిన్నెలో పప్పు ఎంత కాచినను సరిగా ఉడకదు. ప్రెషర్ కుక్కర్ అచ్చట సౌకర్యము కాదు, అవసరము. చేతితొడుగు కొంతసేపు తీసినను వ్రేళ్లు మంచుకాటుకు గురియగును.

ఇంత జాగ్రత్తపడినను ప్రకృతి ఒక్కొక్కప్పుడు మనిషిని మించును. 2016 ఫిబ్రవరి 3న సోనం స్థావరముపై మంచుచరియ విరిగిపడి మద్రాసు రెజిమెంటుకు చెందిన పదిమంది అసువులు బాసిరి. వారిలో కర్నూలు జిల్లాకు చెందిన సిపాయి ముస్తాక్ అహ్మద్ ఒకడు. ఎండలు మండు రాయలసీమ బిడ్డ మంచులో ఒరిగెను. సరిహద్దు దూరమైనను దాని దుఃఖము తెలుగు గడపలవరకు వచ్చును.

సిద్ధతలో మన జిల్లాకును భాగమున్నది. భద్రావతి వద్ద ఉన్న మందుగుండు కర్మాగారము సైన్యమునకు మందుగుండు తయారుచేయుచున్నది. కావున కావలి యనగా కొండపై నిలిచినవాడు మాత్రమే కాదు. వానికి ఉన్ని కుట్టినవాడు, ఆహారము మోసినవాడు, ఇచ్చట ఎండలో గుండు కొలిచినవాడు కూడ.

తల్లిదండ్రులకు మా మనవి ఒకటి. కొందరు పెండ్లియనియు జాతరయనియు పిల్లలను పదిహేను దినములు ఊరికి తీసికొనిపోయి, పరీక్షకు వారము ముందు తెచ్చి, "ఎట్లైనా గట్టెక్కించండి" అందురు. సైన్యమునకే సాధ్యముకాని పని పాఠశాలకు సాధ్యమగునా? మెట్టు మెట్టుగా ఎక్కవలసిన ఎత్తును ఏ ధనముతోను ఒక్కరోజున ఎక్కింపలేము. పిల్లవాడు సైనికుడైనను, గని కార్మికుడైనను, ఉపాధ్యాయుడైనను, వాని పదునాలుగు దినములను వానికి దక్కనిండు.

ఆ బాలునితో మేము ఇట్లంటిమి: "నాయనా, మీ అన్న ధైర్యముతో మాత్రమే కాదు, అలవాటుతో బ్రతుకును. ఆ అలవాటును ఓపికతో నేర్పినవారున్నారు." బాలుడు కూర్చుండెను. మరునాటినుండి అతడు గంట మ్రోగకముందే తరగతిలో ఉండుచున్నాడు.