పాత పటములో మన పల్లెసీమ

భూగోళమనగా నదుల పేర్లు, రాజధానుల పేర్లు వల్లించుటయే యని మన పిల్లలలో పెక్కురు తలచుచున్నారు. తమ ఊరి చుట్టునున్న నేలయు భూగోళమేనని వారికి తెలుపుటకు పాత సర్వే పటము చక్కని సాధనము.

మన హోసూరు ప్రాంతము సర్వే ఆఫ్ ఇండియా వారి 57 హెచ్ అను పటములో కలదు. 1802లో మద్రాసున లాంబ్టన్ ప్రారంభించిన త్రికోణమితి సర్వే ఇట్టి పటములకు పునాది. పాత పటములలో నేలమీది మైలు కాగితముపై ఒక అంగుళము. తరువాతి వానిలో కిలోమీటరు రెండు సెంటీమీటర్లు. పాత ముద్రణలలో మనది సేలం జిల్లా. 1965లో ధర్మపురి, 2004లో కృష్ణగిరి జిల్లాలు ఏర్పడినవి.

పటమును చదువుట కష్టము కాదు. గోధుమరంగు గీతలు సమానమైన ఎత్తుగల చోట్లను కలుపును. అవి దగ్గరగా నున్నచో నేల ఏటవాలు. ఎడముగా నున్నచో చదును. నీలిరంగు నీటిని, ఆకుపచ్చ అడవిని, పసుపు సాగుభూమిని తెలుపును. వాగునకు అడ్డముగా నున్న వంపుగీత చెఱువుకట్ట.

గత సంవత్సరము మేము పై తరగతుల విద్యార్థులతో పాత పటము ప్రతిని గొని ఒక పల్లెకు పోయితిమి. పటములో ఒకే వాగుపై మూడు చెఱువులు గొలుసువలె నుండెను. పై చెఱువు నిండి మరవ పారినచో ఆ నీరు క్రింది చెఱువును చేరవలెను. రెండు చెఱువులను చూచితిమి. మూడవది కానరాలేదు. ఆ చోట ఇండ్ల స్థలములకు హద్దురాళ్లు పాతియుండెను. అచ్చటి వృద్ధ రైతు ఒకరు, "అయ్యవారూ, ఈ మిట్టే పాత కట్ట. వాన గట్టిగా పడితే నీళ్లు తమ దారి మరిచిపోవు" అనిరి.

మా విద్యార్థులలో ఒకని తండ్రి ఆ స్థలములలో ఒకదానికి బయానా ఇచ్చియుండెను. ఆ బాలుడు పటమును అడిగి ఇంటికి గొనిపోయెను. మరునాడు తండ్రియే వచ్చి, గీతలను చదువుట మాయొద్ద నేర్చుకొని పోయిరి.

పటము ఆస్తిహక్కునకు సాక్ష్యము కాదు. దానికి గ్రామ లెక్కలలోని సర్వే నంబరును చూడవలెను. కాని నీరు ఎచ్చట నిలిచెనో, ఏ దారిని పారెనో పటము చెప్పును. తలిదండ్రులకు మా మనవి యొక్కటే: సెలవులలో పిల్లలను పొలము గట్లపై నడిపింపుడు. బావి, కుంట, మిట్ట, వాగు అను మాటలను చోటుతో కూడ చూపింపుడు. ఇంటి పెద్దలకు తెలిసిన చెఱువుల పేర్లను వారిచేత వ్రాయింపుడు. పటములో పేరులేని కుంటకు మన ఇండ్లలో పేరు గలదు. అది వ్రాయనిచో పెద్దలతోనే పోవును.