స్పైనోసారస్‌కి చెరువు ఎంత లోతు తవ్వాలి?

ఫ్లూయిడ్ మెకానిక్స్ క్లాసులో నిద్ర ఆపుకుంటుంటే వచ్చిన ఊహ ఇది: మనమే డైనోసార్ల జూ కడితే? చిత్తడి నేలల జంతువులంటే మొరాకోలోని కెమ్ కెమ్ రాళ్లే గుర్తొస్తాయి. దాదాపు 10 కోట్ల ఏళ్ల కిందట అక్కడ పెద్ద నదులు పారేవి. నీళ్లలో చేపలు తినే స్పైనోసారస్, పైన అలాంకా అనే టెరోసార్.

అసలు చిక్కంతా లోతు దగ్గరే. 2020లో తెడ్డులాంటి తోక వెలుగులోకి వచ్చాక, ఇది నీళ్లలో ఈది వేటాడేదన్నారు. 2022లో ఇంకో బృందం కాదంది: కొంగలా నీళ్లలో నిలబడి పట్టేదట, లోతు సుమారు 2.6 మీటర్లు దాటితే తేలిపోతుందట.

ఈ గొడవ మనకెందుకంటారా? నీళ్లు అద్దం గోడని నెట్టే బలం లోతు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 3 మీటర్ల లోతుకి, ఒక్కో మీటరు పొడవు గోడ మీద దాదాపు 4.5 టన్నుల బరువంత. 6 మీటర్లకి 18 టన్నులు. లోతు రెట్టింపైతే లోడు నాలుగింతలు! నేనైతే ఒడ్డు నుంచి వాలుగా దించి, అవతలి మూల మాత్రమే 6 మీటర్లు తవ్వుతా. అద్దం లోతు తక్కువున్న వైపే.

అలాంకాకి పైన వల తప్పదు. టెరోసార్లు పరుగెత్తకుండా, మడిచిన రెక్కలతోనూ కాళ్లతోనూ నేలను తన్ని లేచేవని చాలామంది శాస్త్రవేత్తల మాట. కాబట్టి రన్‌వే అక్కర్లేదు, వల మాత్రం బాగా ఎత్తుగా ఉండాలి. దాని స్తంభాలు చెరువులో పాతొద్దు. ఆ తోక ఒక్కసారి తగిలితే మళ్లీ కట్టాల్సింది మనమే.