ట్రాక్టరు నిత్య నిర్వహణలో రైతు పాత్ర: వికారాబాద్, తాండూరు ప్రాంతాలకు అన్వయం

తొలకరి తరువాత విత్తనానికి అనువైన పదును నేలలో కొద్ది రోజులే నిలుస్తుంది. తాండూరు నల్లరేగడి భూముల్లో ఈ గడువు మరింత ఇరుకు. తడి ఎక్కువైతే మట్టి పనిముట్టుకు అంటుకుంటుంది. ఆరిపోతే పెళ్లలు లేస్తాయి. ఆ రోజుల్లో ట్రాక్టరు నిలిచిపోతే కంది విత్తడం వెనుకబడుతుంది. ఆ నష్టం మరమ్మతు బిల్లులో కనిపించదు.

ఇంజను ఆయిలు, ఆయిలు ఫిల్టరు మార్పిడికి చాలా ట్రాక్టర్ల కరదీపికలు సుమారు 250 గంటల వ్యవధిని సూచిస్తాయి. రోజుకు 8 గంటల చొప్పున ఇది 31 రోజుల పని. ఈ మధ్యకాలంలో గాలి శుద్ధి గిన్నెలో ధూళి ఎన్నోసార్లు పేరుకుంటుంది. అందువల్ల డీలరు వద్ద చేయించే సర్వీసు ఎంత శ్రద్ధగా జరిగినా, రైతు చేయవలసిన దైనందిన సంరక్షణకు ప్రత్యామ్నాయం కాదు. స్వయం నిర్వహణ వల్ల కూలి ఖర్చు కొంత మిగులుతుంది. ఇంజను ఆయుష్షు పెరగడం అంతకన్నా ముఖ్యమైన ప్రయోజనం.

స్థానిక పరిస్థితులు

అనంతగిరి కొండల పరిసరాల్లో ఎర్ర నేలలు, తాండూరు వైపు నల్లరేగడి నేలలు, నాపరాతి గనులు ఉన్నాయి. రాతిని కోసి నునుపు చేసే పరిశ్రమల పొడి, బండల లారీలు లేపే దుమ్ము దారుల వెంట ఉంటాయి. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిని నూర్చే కాలంలో పొట్టు, ఆకు నలుసులు రేడియేటరు జల్లెడను కప్పుతాయి. మట్టి ధూళిలోని ఇసుక రేణువులు సిలిండరు లైనరు లోహం కన్నా గట్టివి. అవి లోపలికి చేరితే లైనరు, పిస్టను రింగులు అరిగి, ఆయిలు ఖర్చు పెరుగుతుంది. ఇంజను శక్తి తగ్గుతుంది. కాబట్టి కరదీపికలోని గాలి శుద్ధి వ్యవధులను ఇక్కడ తగ్గించి పాటించాలి.

ప్రతి రోజూ (8-10 గంటలకు)

పని మొదలుపెట్టే ముందు పనిముట్టును నేలకు దించి, ఇంజను ఆపి, తాళం తీసి, చేతి బ్రేకు వేయాలి.

1. ఆయిలు గిన్నె గల ఎయిర్ క్లీనరులో నూనె గుర్తు వరకు ఉండాలి. తక్కువైతే ధూళి పట్టుబడదు. ఎక్కువైతే నూనె ఇంజనులోకి లాగబడుతుంది. నూనె చిక్కబడినా, అడుగున బురద చేరినా గిన్నెను కడిగి కొత్త నూనె పోయాలి. కాగితపు ఫిల్టరు అయితే నీటితో కడగరాదు, నేలకు కొట్టి దులపరాదు. తక్కువ ఒత్తిడి గాలిని లోపలి నుంచి బయటికి పంపి శుభ్రం చేయాలి.

2. ఎయిర్ క్లీనరు నుంచి ఇంజనుకు వెళ్లే రబ్బరు గొట్టానికి పగుళ్లు ఉన్నాయేమో, క్లిప్పులు వదులయ్యాయేమో చూడాలి. ఇక్కడ సందు ఉంటే వడపోయని గాలి నేరుగా సిలిండరుకు చేరుతుంది.

3. ట్రాక్టరును సమతల నేలపై నిలిపి, ఇంజను ఆపిన కొన్ని నిమిషాల తరువాత ఆయిలు మట్టం చూడాలి. డీజిలు ఇంజనులో ఆయిలు నల్లబడడం మాత్రమే చెడుకు గుర్తు కాదు. మసిని తనలో నిలుపుకోవడం దాని పని. పాలలా తెల్లబడితే నీరు చేరినట్లు. పలుచబడి, మట్టం పెరిగి, డీజిలు వాసన వస్తే ఇంధనం కలిసినట్లు. ఈ రెండు సందర్భాల్లోనూ ఇంజను నడపకుండా మెకానిక్‌ను పిలిపించాలి.

4. చల్లగా ఉన్నప్పుడే రేడియేటరు మూత తీసి నీటి మట్టం చూడాలి. జల్లెడలోని పొట్టును ఫ్యాను వైపు నుంచి ముందుకు గాలి పంపి తొలగించాలి.

5. సాయంత్రం పని ముగియగానే డీజిలు ట్యాంకు నింపాలి. ఖాళీ ట్యాంకులోని గాలి తేమ రాత్రి నీరుగా మారి ఇంధనంలో కలుస్తుంది.

వారానికొకసారి (50-60 గంటలకు)

గ్రీజు నిప్పిళ్లను తుడిచిన తరువాతే గ్రీజు ఎక్కించాలి. లేకుంటే దుమ్ము కూడా లోపలికి పోతుంది. ఫ్యాన్ బెల్టును మధ్యలో బొటనవేలితో నొక్కి, బిగువు కరదీపికలో చెప్పినట్లు ఉందో లేదో చూడాలి. బ్యాటరీలో పలకలు మునిగేలా డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయాలి. బ్యాటరీ తీగలు విప్పేటప్పుడు ముందుగా రుణ ధ్రువం, బిగించేటప్పుడు చివరగా రుణ ధ్రువం అన్న క్రమం పాటించాలి. చక్రాల నట్లు, టైర్ల గాలి, క్లచ్ పెడలు ఖాళీ కదలిక పరీక్షించాలి.

250 గంటలకు

ఇంజను గోరువెచ్చగా ఉన్నప్పుడు పాత ఆయిలు దించితే మలినాలు దానితోపాటే వస్తాయి. ఆయిలు ఫిల్టరును కూడా మార్చాలి. కొత్త ఫిల్టరు రబ్బరు వలయానికి కొద్దిగా ఆయిలు పూసి చేతితోనే బిగించాలి. కరదీపిక చెప్పిన శ్రేణి ఆయిలునే వాడాలి. డీజిలు ఫిల్టరు మార్చినప్పుడు గాలి మర వదులు చేసి, బుడగలు లేని డీజిలు వచ్చే వరకు చేతి పంపు నొక్కాలి. వాడిన ఆయిలు 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల పరిధిలోకి వస్తుంది. దానిని పొలంలో గానీ బావి దగ్గర గానీ పారబోయక, డబ్బాలో భద్రపరచి, అధీకృత సేకరణదారుకు అప్పగించాలి.

మెకానిక్‌కు వదలవలసినవి

ఇంధన ఇంజక్షన్ పంపు, నాజిళ్లు, వాల్వుల సందు సవరణ, గేరు పెట్టె, హైడ్రాలిక్ పంపు మరమ్మతులకు ప్రత్యేక పరికరాలు, శిక్షణ అవసరం. శుభ్రపరచడం, పరిశీలించడం, నింపడం, బిగించడం రైతు పని. విప్పి సరిచేయడం మెకానిక్ పని. వారంటీ కాలంలో కంపెనీ నిర్దేశించిన సర్వీసులను అధీకృత కేంద్రంలోనే చేయించి, రసీదులు భద్రపరచాలి. ఆ కాలంలోనూ దైనందిన పనులు రైతువే.

విస్తరణ కార్యకర్తలకు సూచనలు

ఈ విషయాన్ని ఉపన్యాసంగా కాక చేతిపనిగా నేర్పాలి. మే నెలలో, దుక్కులు ఊపందుకోకముందే, గ్రామంలోని ఒక ట్రాక్టరు వద్ద 10-15 మంది రైతులు, డ్రైవర్లతో ఎయిర్ క్లీనరు విప్పించి బిగింపజేయాలి. యజమాని, నడిపేవారు వేరైన చోట డ్రైవరుకు శిక్షణ తప్పనిసరి. ప్రతి ట్రాక్టరుకు పని గంటలు, ఆయిలు మార్చిన తేదీ, పోసిన పరిమాణం నమోదు చేసే పుస్తకం ఉండాలి. రెండు ఆయిలు మార్పిడుల మధ్య పైపోత పెరుగుతూ ఉంటే, బయటికి కారడం లేదని నిర్ధారించుకున్నాక, లైనరు అరుగుదలను అనుమానించవచ్చు. విస్తృత శిక్షణ కోరేవారికి అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ వంటివి అందుబాటులో ఉన్నాయి.

రోజూ అరగంట యంత్రానికి కేటాయించగల రైతుకు విత్తే వారంలో ట్రాక్టరు నిలిచే ప్రమాదం తగ్గుతుంది. వర్షాధార కంది సాగులో పదునుకు విత్తడం ఎంత అవసరమో, ఆ సమయానికి యంత్రాన్ని సిద్ధంగా ఉంచడం కూడా అంతే అవసరం. కాబట్టి దీనిని సాగు సలహాలలో భాగంగానే అందించాలి.