యవన తత్త్వజ్ఞుడు ప్లోటినసు

తత్త్వశాస్త్రము కేవలము బుద్ధికి వ్యాయామమనియు, నిత్యజీవితముతో దానికి సంబంధము లేదనియు నేడు పలువురు తలంచుచుందురు. ప్రాచీన గ్రీసు దేశపు తత్త్వవేత్తలు అట్లు తలంపలేదు. సోక్రటీసు మొదలుకొని వారికి తత్త్వవిచారమనగా ఒక జీవనవిధానము. చిత్తమును సంస్కరించుకొను సాధనము. ఆ మహాపరంపర యొక్క చివరి దశలో, క్రీస్తుశకము 3వ శతాబ్దమున, ప్లోటినసు ఉదయించెను. తాను ప్లేటోకు వ్యాఖ్యాతనే గాని నూతన మతస్థాపకుడను గానని ఆయన భావించెను. ఆధునిక పండితులు ఆయన మార్గమునకు నవ్యప్లేటోవాదమని పేరిడిరి.

వేదాంతపరిచయము గలవారు ఆయన గ్రంథమును తెరచినంతనే, పరదేశమున స్వజనుని కంఠధ్వని వినినట్లు ఆశ్చర్యపడుదురు. ఆ సాదృశ్యము ఎంతవరకు యథార్థము? దానిని సాధకుడు ఏ విధముగా స్వీకరింపవలెను? ఈ ప్రశ్నలను విచారించుటకు ముందు ఆయన జీవితమును, ఉపదేశమును కొంత తెలిసికొనుట అవసరము.

జీవితము

ప్లోటినసును గూర్చి మనకు తెలిసినదంతయు దాదాపుగా ఆయన శిష్యుడు పోర్ఫిరీ వ్రాసిన చరిత్రమువలన లభించినదే. తాను దేహధారియై యుండుటకే ఆయన లజ్జపడుచున్నట్లు కన్పట్టెడివాడట. తలిదండ్రుల పేర్లుగాని, జన్మస్థలముగాని, జన్మదినముగాని ఎవరికిని చెప్పలేదు. సోక్రటీసు, ప్లేటోల జన్మదినములను మాత్రము మిత్రులతో గూడి జరుపుచుండెను. చిత్రపటము వ్రాయించుకొనుటకు అనుజ్ఞ నిమ్మని అమేలియసు అను శిష్యుడు ప్రార్థింపగా నిరాకరించెను. దేహమే ఒక ప్రతిబింబము. దానికి మరియొక ప్రతిబింబ మెందులకని ఆయన ప్రశ్న. సుమారు 205వ సంవత్సరమున ఈజిప్టు దేశమున జన్మించియుండునని విద్వాంసుల నిర్ణయము.

28వ యేట ఆయనకు తత్త్వజిజ్ఞాస కలిగెను. అలెగ్జాండ్రియా నగరమున ప్రఖ్యాతులైన ఆచార్యుల నాశ్రయించెను. కాని వారి ఉపన్యాసములు విని ప్రతిసారియు విషాదముతో మరలివచ్చుచుండెను. తుదకొక మిత్రుడు ఆయనను అమ్మోనియసు సన్నిధికి గొనిపోయెను. ఒక్కమారు వినినంతనే, తాను వెదకుచున్నది ఈయననే యని ప్లోటినసు మిత్రునితో చెప్పి, 11 సంవత్సరములు ఆ గురువును విడువక సేవించెను.

పిదప పారసీకుల, భారతీయుల తత్త్వమును స్వయముగా తెలిసికొనవలెనను కోరిక ఆయనకు కలిగెను. 243వ సంవత్సరమున, తన 39వ యేట, పారసీకముపై దండెత్తిన రోము చక్రవర్తి మూడవ గోర్డియను సైన్యముతో బయలుదేరెను. మరుసటి యేడు చక్రవర్తి మెసొపొటేమియాలో మృతినొందెను. ప్లోటినసు ప్రాణములతో బయటపడి, అతికష్టముమీద అంటియోకు నగరము చేరెను. భారతదర్శనము ఆయనకు లభింపలేదు. రోము నగరమున స్థిరపడి, సుమారు 25 సంవత్సరములు బోధించెను.

దేహము నెడ విరక్తుడైనను లోకము నెడ ఆయన కఠినుడు కాడు. మరణాసన్నులైన కులీనులు పలువురు తమ బిడ్డలను, వారి ఆస్తిని ఆయనకు అప్పగించిరి. ఆయన యిల్లు అనాథబాలబాలికలతో నిండియుండెను. వారు తత్త్వజ్ఞులగునంతవరకు వారి సొత్తు చెక్కుచెదరక నిలువవలెనని, లెక్కలను స్వయముగా ఓపికతో పరిశీలించెడివాడు. రోగేషియానసు అను సభాసదుడు ఆయన ప్రభావమున ఆస్తిని, సేవకజనమును, రాజపదవిని త్యజించి, దినము విడిచి దినము భుజించుచు జీవించెను.

ఒకమారు పోర్ఫిరీ, ఆత్మకు దేహముతో గల సంబంధమును గూర్చి మూడుదినములు వరుసగా ప్రశ్నించెను. వ్రాసికొనుటకు తగిన ఉపన్యాసమును వినగోరివచ్చిన వాడొకడు విసుగుచెందెను. ఈతని సంశయములు తీరనిదే వ్రాయదగినది మన కేముండునని గురువు బదులు పలికెను. మరియొకప్పుడు ఆ పోర్ఫిరీయే ప్రాణత్యాగము చేయ నిశ్చయించుకొని యుండెను. ఎవరికిని తెలుపని ఆ సంకల్పమును గురువు గ్రహించి, అతని యింటికి తానుగా వచ్చి, ఇది వివేకము వలన కలిగిన నిశ్చయము కాదు, మనోవ్యాధి వలన పుట్టిన తలంపు అని తెలిపి, స్థలము మార్చుమని ఆదేశించెను. పోర్ఫిరీ సిసిలీ ద్వీపమునకు వెళ్లి స్వస్థుడయ్యెను. గురువు రచనలను మనకు అందించినవాడు ఆ శిష్యుడే. ఆనాడు ఆ కరుణ లేకున్న ఈ గ్రంథము మనకు ఏ రూపమున చేరియుండెడిదో!

ఉపదేశము

ప్లోటినసుకు దృష్టిమాంద్యము; వ్రాసినదానిని మరల చదువలేకపోయెడివాడు. ఆయన గతించిన పిమ్మట సుమారు 301వ సంవత్సరమున పోర్ఫిరీ ఆ రచనలను 54 ప్రకరణములుగా, తొమ్మిదేసి చొప్పున ఆరు భాగములుగా కూర్చెను. అందుచే వానికి ఎన్నియడులు, అనగా నవకములు, అను పేరు వచ్చెను.

ఆయన మతమున మూలతత్త్వములు మూడు. మొదటిది ఏకము. గ్రీకు భాషలో దీనిని 'హెన్' అందురు. రెండవది బుద్ధి; ఇచట నిత్యరూపములన్నియు ఒకదానియందొకటి అంతర్గతములై వెలుగుచుండును. మూడవది ఆత్మ, ఇది బుద్ధిని దర్శించుచు, ప్రపంచమునకు ప్రాణమును, క్రమమును ఒసగును. ఏకము నుండి బుద్ధియు, బుద్ధి నుండి ఆత్మయు వెలువడుటకు సంకల్పముగాని ప్రయత్నముగాని లేదు. సూర్యుని నుండి కాంతివలె అది సహజముగా ప్రసరించును. మూలమునకు లేశమైనను తరుగు లేదు.

ఏకమును గూర్చి ఏమి చెప్పినను అది చాలదు. అది ఇట్టిదని చెప్పుట దానిని పరిమితము చేయుటయే. 'ఏకము' అను పేరు సైతము అనేకత్వమును నిషేధించుటకే గాని దాని స్వరూపమును నిర్దేశించుటకు కాదని ప్లోటినసు హెచ్చరించును. నేతివాద మెరిగినవారికి ఈ పద్ధతి సుపరిచితమే.

జీవుడు తన మూలమును మరచి, పరాయివస్తువులను గౌరవించుచు, తన్ను తాను తక్కువ చేసికొనుచున్నాడు. ఐనను అతని పతనము సంపూర్ణము కాదు. ఆత్మయందు ఒక భాగము ఎన్నడును దిగిరాక, ఊర్ధ్వలోకముననే నిలిచియున్నదని ఆయన విశిష్టసిద్ధాంతము. ఇయాంబ్లికసు, ప్రోక్లసు మున్నగు తరువాతి నవ్యప్లేటోవాదులు దీనిని అంగీకరింపలేదు. జీవుడు పూర్తిగా పతితుడని నమ్మినవారు ఉద్ధరణమునకు కర్మకాండ నాశ్రయించిరి. ప్లోటినసు అంతర్ముఖత్వమునే ఆశ్రయించెను.

ఆ స్వదేశమునకు కాళ్లతో నడచి పోజాలము. రథములు, నౌకలు పనికిరావు. చర్మచక్షువులను మూసికొని, అందరికిని ఉండియు కొందరే వినియోగించు మరియొక దృష్టిని మేల్కొలుపవలెను. శిల్పి శిలనుండి అధికమును తొలగించి, వంకరను సరిచేసి, మూర్తిని ప్రకటించునట్లు, సాధకుడు తనయందలి అనావశ్యకమును తొలగించుకొనుచు పోవలెను. క్రొత్తగా సంపాదింపవలసిన దేదియు లేదు. అయినను పరమదర్శనము బలాత్కారమున లభించునది కాదు. తూర్పుదిక్కున సూర్యోదయమునకు కన్ను నిరీక్షించునట్లు, సిద్ధపడి శాంతముగ వేచియుండవలెను. తాను సన్నిధిలోనున్న కాలమున గురువు నాలుగుమారులు ఆ ఐక్యమును పొందెనని పోర్ఫిరీ వ్రాసినాడు.

శీలము లేని ధ్యానమును ఆయన సహింపడు. ప్రపంచము దుష్టుడైన సృష్టికర్త పనియని నిందించుచు, తాము మాత్రము దేవునికి ఎన్నికైనవారమని చెప్పుకొనెడి జ్ఞానవాదులను ఆయన తీవ్రముగ ఖండించెను. సద్గుణములు అలవరచుకొనక దేవుని వైపు చూడుమని చెప్పుట నిష్ప్రయోజనము. అట్టివానికి దేవుడు ఒక శబ్దమాత్రమే యగును.

పరులపేర సంచరించిన గ్రంథము

ప్లోటినసు గ్రంథమునకు పట్టిన గతి విచిత్రమైనది. మారియసు విక్టోరినసు అను పండితుడు ప్లేటోమతస్థుల గ్రంథములను లాటిను భాషలోనికి అనువదించెను. 386వ సంవత్సర ప్రాంతమున మిలాను నగరమున అగస్టీను వానిని చదివి, దైవము దేహరూపి కాదని గ్రహించెను. గమ్యమును అందు చూచితిని గాని మార్గమును కానలేదని ఆయన అభిప్రాయపడి, క్రైస్తవధర్మమున ఆ మార్గమును కనుగొనెను. 430లో వాండలులు ఆయన నగరమును ముట్టడించియుండగా, ఆ కడపటి దినములలో ఒక జ్ఞాని మాటను స్మరించి ఆయన ఊరట నొందెనని ఆయన చరిత్రకారుడు తెలిపినాడు. కట్టెలు, రాళ్లు కూలుటను, మర్త్యులు మరణించుటను మహావిషయముగా నెంచువాడు మహాత్ముడు కాడని ఆ మాట భావము. అది ఎన్నియడులలోనిదే, కాని చరిత్రకారుడు ప్లోటినసు పేరు చెప్పలేదు.

9వ శతాబ్దమున బాగ్దాదులో అల్ కిందీ పరివారమునందలి పండితులు ఎన్నియడుల తుది భాగములను అరబ్బీ భాషలోనికి స్వేచ్ఛగా అనువదించిరి. ఆ గ్రంథము 'అరిస్టాటిలు దైవశాస్త్రము' అను పేర వ్యాపించెను. ఇబ్న్ సీనా వంటి మేధావి దానికి టిప్పణములు వ్రాసెను. దేహమును విడిచి తనలో తాను మేల్కొనిన ప్లోటినసు స్వానుభవమును అరబ్బీ పాఠకులు అరిస్టాటిలు అనుభవముగా చదివిరి. సుహ్రవర్దీ దానిని ప్లేటోకు ఆరోపించెను. అసలు అనుభవించినవాని పేరు మాత్రము ఎవరికిని తెలియలేదు! 1492లో ఫ్లారెన్సు నగరమున మార్సీలియో ఫిచీనో చేసిన సంపూర్ణ లాటిను అనువాదము ముద్రితమైన పిదపనే పశ్చిమయూరపు ప్లోటినసు గ్రంథమును ఆయన పేరుతో సమగ్రముగా చదువగలిగెను. 1917 మొదలు 1930 వరకు స్టీఫెను మెకెన్నా ఆంగ్లానువాదము వెలువడెను.

వేదాంతమా?

పేరు పోగొట్టుకొని పరులపేర చలామణియైన ఈ గ్రంథమును మనమును అట్లే చేయుదుమా? ఈ ప్రశ్న మనకు ముఖ్యము. 1928లో ప్రకటించిన గ్రంథమున ఫ్రెంచి పండితుడు ఎమిల్ బ్రేయే, ప్లోటినసుపై భారతప్రభావమున్నదని వాదించెను. 1936లో ఆర్మ్‌స్ట్రాంగు దానిని ఖండించి, ఆ భావములకు మూలము గ్రీకు పరంపరలోనే కలదని చూపెను. మదరాసు విశ్వవిద్యాలయము 1961లో ప్రకటించిన గ్రంథమున స్టాలు అను పండితుడు, ఋణవిచారమును ప్రధానముగా గొనక, రెండు దర్శనములను ప్రక్కప్రక్కనుంచి పరిశీలించెను. ఈ మూడవ పద్ధతియే శ్లాఘ్యమని మా యభిప్రాయము. ప్లోటినసు ఇటు రావలెనని బయలుదేరినమాట నిజము, రాలేకపోయినమాటయు నిజమే.

అనువాదకులకు ఇచట ఒక ప్రలోభము కలదు. 'హెన్' అను పదమును 'బ్రహ్మము' అని తెలిగించినచో వాక్యము ఎంతో సొంపుగ నుండును, పాఠకుడును సంతసించును. కాని ఆ ఒక్క మాటతో భేదమంతయు మరుగుపడును. అద్వైతమున బ్రహ్మము చైతన్యస్వరూపము. ప్లోటినసు ఏకమునకు ఆలోచనను అంగీకరింపడు. ఏలయన, ఆలోచన యున్నచోట తెలియువాడు, తెలియబడునది యను ద్వైతము తప్పదు. మన ఆచార్యులు వృత్తిజ్ఞానమును, శుద్ధచైతన్యమును వేరుచేసి ఈ చిక్కును విడదీసిరి. రెండు దేశములవారును ఒకే ద్వైతమును తప్పించుకొనజూచిరి. ఎన్నుకొనిన త్రోవలు వేరు. 'ఏకము' అనియే అనువదించి, నిలిచి ఆలోచించినప్పుడు గదా ఈ సూక్ష్మము మనకు గోచరించుట!

జగత్తు విషయమునను భేదము కలదు. శంకరులకు జగత్తు మాయాకల్పితము. ప్లోటినసుకు అది తక్కువ శ్రేణికి చెందినదైనను, పరతత్త్వము యొక్క సుందరమైన ప్రతిబింబము. ఈ అంశమున ఆయన పరిణామవాదులకు సమీపమున నున్నట్లు తోచును. కాని ఏకమునకు వికారము లేదనుటచే వారితోను పూర్తిగా కలియడు. శ్రుతిప్రమాణముగాని, మంత్రదీక్షగాని ఆయన మార్గమున లేవు. ఉత్సవదినములందు దేవాలయములకు తోడు రమ్మని అమేలియసు పిలువగా, వారే నా కడకు రావలెను గాని నేను వారి కడకు పోరాదని చెప్పెనట. ఆ మాటలోని గూఢార్థము శిష్యులకే తెలియలేదు. అడుగుటకు వారికి ధైర్యమును చాలలేదు.

ఇన్ని భేదములున్నను అంతర్ముఖత్వము, చిత్తశుద్ధి, త్యాగము, నిషేధమార్గము, ఐక్యానుభవము అను విషయములలో సామ్యము స్పష్టము. ఆయన మన శిష్యుడని నిరూపించినచో మన అహంకారము పెరుగును. మన సాధన పెరుగదు. మనకు పరిచయమే లేక, వేరు త్రోవన, అట్టి శిఖరమునకు ప్రయాణించినవాడొకడు కలడని తెలిసికొన్నచో శ్రద్ధ పెరుగును. సర్వధర్మసమన్వయమనగా పరుల మాటలకు మన మాటలను తొడుగుట కాదు. వారి మాటను వారి కంఠముతోనే విని, అందలి సత్యమునకు శిరము వంచుట.

270వ సంవత్సరమున కంపానియా ప్రాంతమున, వ్యాధిపీడితుడై, మిత్రులు దూరమై, ప్లోటినసు మరణశయ్యపై నుండెను. శిష్యుడగు యూస్టోకియసు ఆలస్యముగ వచ్చెను. నీకొరకే వేచియుంటినని చెప్పి, మనయందలి దివ్యత్వమును విశ్వమందలి దివ్యత్వముతో చేర్ప యత్నింపుమను భావముగల మాటలు పలికి, ఆయన దేహము విడిచెను. ఆ యత్నము గ్రీకులది కాదు, హిందువులది కాదు. పాఠకులు ఆయన శిల్పి దృష్టాంతమును స్మరించి, దినమునకొక్క అనావశ్యకమునైనను తొలగించుకొనగలిగిన, ఈ యధ్యయనము సార్థకమగును.