క్యాజువాలిటీని ఎందుకు అలా కడతారు?



"మేము ముందు వచ్చాం, మా తరువాత వచ్చినవారిని ముందు చూశారేమిటి?" అని క్యాజువాలిటీలో చాలామంది మమ్మల్ని అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. అత్యవసర విభాగంలో ప్రతి గది, ప్రతి తలుపు నిమిషాలను కాపాడటానికే ఉండాలి. అది ఎలాగో తెలుసుకుందాం.

1. వాకిలి: 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైంది. అంబులెన్సులోనే మొదలైన చికిత్స ఆసుపత్రి గుమ్మం దగ్గర ఆగిపోకూడదు. అందుకే మెట్లు లేని వాలుదారి, స్ట్రెచర్ పట్టే వెడల్పాటి తలుపులు కావాలి. ఆ దారిలో ఒక్క మోటారు సైకిల్ నిలిపినా స్ట్రెచర్ ఆగుతుంది.

2. చీటీ రాసే చోటు: ఒక స్కూటరిస్టును కారు గుద్దింది. అతనిని చేర్చిన ఆసుపత్రివారు ఇది పోలీసు కేసు అని 20 కిలోమీటర్ల దూరంలోని మరో ఆసుపత్రికి పంపారు. దారిలోనే ప్రాణం పోయింది. ఈ సంఘటనపై పరమానంద్ కటారా వేసిన కేసులో 1989లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ప్రభుత్వ వైద్యుడైనా, ప్రైవేటు వైద్యుడైనా ముందు ప్రాణం కాపాడాలి, పోలీసు లాంఛనాలు తరువాత. కనుక చీటీ రాసే బల్ల రోగి దారికి పక్కన ఉండాలి, అడ్డంగా ఉండకూడదు.

3. వేరుచేసే చోటు: తలుపు దాటగానే నర్సు నాడి, శ్వాస, బి.పి., స్పృహ చూస్తారు. ప్రాణాపాయం ఉంటే ఎరుపు, కొంత ఆగగలిగితే పసుపు, చిన్న గాయమైతే ఆకుపచ్చ. దీనిని ట్రయాజ్ అంటారు. నెపోలియన్ సైన్యంలోని వైద్యుడు లారే హోదా చూడకుండా, గాయం తీవ్రతను బట్టి సైనికులకు చికిత్స చేసేవాడు. ఛాతీనొప్పితో వచ్చినవారికి 10 నిమిషాలలోపు ఇ.సి.జి. తీయాలి. వారు వరుసలో కూర్చుంటే ఆ సమయం దాటిపోతుంది.

4. కడిగే గది: పత్తి పండించే మన వరంగల్ ప్రాంతంలో ఇది చాలా ముఖ్యం. పురుగుమందు ఒంటిమీద, బట్టలమీద ఉన్నంతసేపు చర్మం గుండా లోపలికి పోతూనే ఉంటుంది. అందుకే వాకిలి దగ్గరే నీటి వసతి ఉండాలి. అక్కడ బట్టలు తీసి, సబ్బునీళ్ళతో ఒళ్ళు కడుగుతారు. శ్వాస ఆడనివారికి ముందుగా శ్వాస అందిస్తూనే ఈ పని చేస్తారు. మందు ఇతర రోగులకు, సిబ్బందికి అంటకుండా కూడా ఈ గది కాపాడుతుంది.

5. నర్సుల బల్ల: అన్ని మంచాలూ కనిపించేలా మధ్యలో ఉండాలి. మంచాల చుట్టూ బంధువులు గుమిగూడితే, ఊపిరి ఆగుతున్న రోగి కూడా నర్సు కంటికి కనబడడు. మందుల బండి, ఆక్సిజన్ ఎప్పుడూ ఒకే చోట ఉంటే చీకట్లోనైనా చేతికి దొరుకుతాయి. చేతులు కడిగే కుళాయి మంచాలకు దగ్గరగా ఉంటే అంటురోగాలు తగ్గుతాయి.

మీరు చేయవలసినవి

* వాలుదారిలో, తలుపుల దగ్గర బండ్లు నిలపకండి.
* రోగితో ఒక్కరే లోపలికి రండి.
* పురుగుమందు తాగినవారికి ఉప్పునీళ్ళు పట్టి వాంతి చేయించకండి. మందు డబ్బాను వెంట తీసుకురండి.
* కూర్చున్నప్పుడు మీ రోగికి ఆయాసం, మగత పెరిగితే వెంటనే నర్సుకు చెప్పండి. పసుపు ఎరుపుగా మారవచ్చు.

మీకంటే ముందు మరొకరిని లోపలికి తీసుకువెళ్తే, ఈ పూట మీ రోగి పరిస్థితి వారికంటే మెరుగ్గా ఉందని అర్థం. రేపు మీ ఇంటివారికి ఆపద వస్తే అదే తలుపు మీకోసం ముందుగా తెరుచుకుంటుంది.