సెలైన్ పెడితే బలమొస్తుందా?

ప్రశ్న: మా అత్తయ్యకు అరవై ఎనిమిదేళ్లు. నెలకోసారి నీరసమంటూ ఆర్‌ఎంపీని పిలిపించి సెలైన్ పెట్టించుకుంటుంది. అందులో ఎర్రటి బలం ఇంజెక్షన్ కూడా కలుపుతారు. రెండ్రోజులు హుషారుగా తిరుగుతుంది, తర్వాత మామూలే. బీపీ మాత్రలు వాడుతోంది. ఫర్వాలేదా?
- ఒక కోడలు, సత్తెనపల్లి

జవాబు: ఫర్వా ఉందమ్మా, చాలా ఉంది. అరలీటరు సెలైన్ సీసాలో ఉండేవి నీళ్లూ, నాలుగున్నర గ్రాముల ఉప్పూ. రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉప్పు తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బీపీ ఉందని పచ్చడి మానేసిన మనిషి, దాదాపు ఆ ఉప్పంతా ఒక్క పూటలో నరంలోకి ఎక్కించుకుంటోంది. సెలైన్ కాదు, గ్లూకోజు అంటారా? 5 శాతం సీసా అరలీటరులో 25 గ్రాముల గ్లూకోజు. రెండు ఇడ్లీలు తిన్నా అంత శక్తి వస్తుంది, పైగా చట్నీ కూడా ఉంటుంది.

మరి ఆ హుషారు ఎక్కడిదంటే, ఆవిడ రెండు గంటలు మంచం దిగలేదు. పొయ్యి ముట్టుకోలేదు. కొడుకు పని మానుకుని పక్కన కూర్చున్నాడు. ఇవన్నీ సీసా లేకుండా కూడా చేయొచ్చు. ఎరుపు రంగు బి12ది. ఒంట్లో అది తక్కువుంటే మంచి మందే. తక్కువ లేకపోతే చాలావరకు మూత్రంలో పోతుంది. తక్కువో కాదో ఎవరైనా చూశారా? హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్, క్రియాటినిన్, బి12 పరీక్షలు ఒక్కసారి చేయించండి. నెలనెలా సూదితో కాలం గడిపి, లోపల రక్తం ఎందుకు తగ్గుతోందో ఏళ్ల తరబడి చూడనివాళ్లు నాకు చాలామంది తెలుసు. గుండె గానీ కిడ్నీలు గానీ బలహీనంగా ఉంటే ఆ సెలైన్ నీరు ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం మొదలవుతుంది.

ఇక సూది సంగతి. 2018లో ఉత్తరప్రదేశ్ ఉన్నావ్ జిల్లా బంగర్‌మవ్‌లో పదుల మందికి హెచ్‌ఐవీ బయటపడింది. ఒకే సూదితో పలువురికి ఇంజెక్షన్లు చేశాడని అర్హత లేని వైద్యుడి మీద కేసు పెట్టారు. మీ ఇంటికొచ్చే ఆయన కొత్త సిరంజి మీ కళ్లముందే విప్పుతున్నాడా?

ప్రశ్న: నెలలో పెళ్లి. రంగు తేలుతుందని గ్లుటాథయోన్, విటమిన్ సి డ్రిప్ ప్యాకేజీ తీసుకోమంటున్నారు.
- హైదరాబాద్

జవాబు: నీ రంగుకేమైంది తల్లీ? చర్మం తెల్లబడడానికి ఈ ఇంజెక్షన్లు వాడొద్దని ఫిలిప్పీన్స్ ఔషధ నియంత్రణ సంస్థ ఎప్పుడో హెచ్చరించింది. కిడ్నీలు, థైరాయిడ్, చర్మం మీద తీవ్రమైన దుష్ప్రభావాలు రావచ్చని చెప్పింది. విటమిన్ సి ఎక్కువ మోతాదులో నరంలోకి వెళితే కిడ్నీలో ఆక్సలేట్ పేరుకోవచ్చు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లలో ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. ఆ ప్యాకేజీ అమ్మినవాళ్లు నీకు జీ6పీడీ పరీక్ష రాశారా? రాయలేదనే నా అనుమానం. సి కావాలంటే ఉసిరికాయలున్నాయి, జామకాయలున్నాయి. ఆ డబ్బుతో ఇంకో చీర కొనుక్కో.

ప్రశ్న: ఎండలో క్రికెట్ ఆడొచ్చాక సెలైన్ పెట్టించుకుంటే త్వరగా కోలుకుంటామా?

జవాబు: వాంతులు లేవుగా, నోరు పనిచేస్తోందిగా? లీటరు నీళ్లలో ఓఆర్‌ఎస్ పొట్లం కలుపుకుని తాగు.

ప్రశ్న: షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. బి12 బాగా తగ్గిందని డాక్టరుగారు ఇంజెక్షన్లు రాశారు. మీరు తిడతారని భయంగా ఉంది.

జవాబు: చేయించుకోండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గడం తెలిసిన విషయమే. పరీక్ష చేసి, లోపం చూసి రాసిన సూదితో నాకు పేచీ లేదు.

ప్రశ్న: మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో అడిగి 6 లక్షల యూనిట్ల విటమిన్ డి ఇంజెక్షన్ వారం వారం చేయించుకుంటున్నాను. ఇప్పుడు వాంతులు, మలబద్ధకం, విపరీతమైన దాహం. ఆపాలా?

జవాబు: ఈ రోజే ఆపండి. డి బి12లా మూత్రంలో పోదు, కొవ్వులో నిలవుంటుంది. అది మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీల మీద పడుతుంది. మీరు రాసినవన్నీ ఆ లక్షణాల్లాగే ఉన్నాయి. ఉత్తరానికి జవాబు కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సింది. కాల్షియం, క్రియాటినిన్, విటమిన్ డి ఇవాళే చూపించుకోండి. ఎన్ని సూదులు పడ్డాయో దాచకుండా చెప్పండి.