బోదకాలు: చదివి చెప్పవలసిన సంగతులు



రోగికి మందు ఎంత అవసరమో, రోగమును గూర్చిన సత్యమును అంతే అవసరము. బోదకాలు విషయమున ఇది మరింత నిజము. ఆ వ్యాధిని గూర్చిన సమాచారము నేడు ఇంటింట చేతి ఫోనులో లభించుచున్నది. కాని అది ఏ భాషలో నున్నది? ఎవరు చెప్పినది? ఈ రెండు ప్రశ్నలను ఇచట విచారింతము.

ముందుగా వ్యాధి స్వరూపమును తెలిసికొందము. దారములవలె సన్నని పురుగులు శరీరములోని శోషరస నాళములలో చేరుటచే ఈ వ్యాధి కలుగును. ఈ జాతి పురుగు దోమ శరీరములో పెరుగునని 1877లో చైనాలోని అమోయ్ రేవునందు పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు కనుగొనెను. మన దేశమున దీనిని వ్యాపింపజేయునది ముఖ్యముగా మురుగునీట పెరుగు క్యూలెక్స్ దోమ. కావున ఇది పూర్వజన్మ పాపము కాదు. రోగిని తాకినను, అతనితో కలిసి భుజించినను అంటదు.

ఈ వ్యాధినే తమిళులు యానైక్కాల్ నోయ్ అనియు, కన్నడిగులు ఆనెకాలు రోగమనియు, మరాఠీవారు హత్తీరోగమనియు అందురు. ఆ పేర్లన్నిట ఏనుగు కలదు. మన మాటలో లేదు. ఆసుపత్రిలో నిచ్చు కరపత్రము సాధారణముగా ఆ రాష్ట్రపు భాషలో నుండును. బోదకాలు అను పేరు మాత్రమే ఎరిగిన మన అవ్వకు, ఆ కాగితము తన కాలిని గూర్చినదే యని తెలియుటెట్లు? రెండు మూడు లిపులు నేర్చిన మీరే ఆమెకు చదివి చెప్పవలెను.

ఏమి చెప్పవలెను? రక్తములోని పిల్లపురుగులను నశింపజేయుటకు, వ్యాధి మిగిలియున్న జిల్లాలలో ప్రభుత్వము డీఈసీ, ఆల్బెండజోల్ అను మందులను ఉచితముగా పంచును. 2018 నుండి కొన్ని జిల్లాలలో ఐవర్‌మెక్టిన్ కూడ చేర్చబడినది. రెండేండ్ల లోపు శిశువులకును, గర్భిణులకును, తీవ్రరోగులకును వీనిని ఈయరు. ఈ మందులు వ్యాప్తిని అరికట్టును గాని, ఏండ్లుగా వాచిన కాలును పూర్వమువలె చేయజాలవు.

అయినను నిరాశ వలదు. చర్మపు పగుళ్లగుండ సూక్ష్మజీవులు ప్రవేశించినపుడెల్ల జ్వరము వచ్చి వాపు పెరుగును. దానిని నివారించుటకు ప్రతిదినము కాలిని సబ్బుతో, శుభ్రమైన నీటితో కడుగవలెను. వ్రేళ్ల సందులను మెత్తని గుడ్డతో అద్ది ఆరబెట్టవలెను. కూర్చున్నపుడు, పరుండినపుడు కాలిని ఎత్తుగా నుంచవలెను. చీలమండను మెల్లగా ఆడించుచుండవలెను. కాలు ఎఱ్ఱబడి, నొప్పితో జ్వరము వచ్చినచో ఆ వ్యాయామము మాని వైద్యుని చూడవలెను. ఈ పురుగుల వలననే పురుషులకు కలుగు వరిబీజమును శస్త్రచికిత్సచే నయము చేయవచ్చును.

ఇక రెండవ ప్రశ్న. పది దినములలో కాలు సన్నబడునని చెప్పి తైలము నమ్మువారి మాటలు ఫోనులో వచ్చుచుండును. అట్టి మాట చూడగనే చెప్పినవారెవరు, ఏ సంవత్సరమున చెప్పిరి, ధనము కోరుచున్నారా అని పరిశీలింపుడు. ప్రపంచ ఆరోగ్య సంస్థయో, ప్రభుత్వ ఆరోగ్యశాఖయో చెప్పినదానితో పోల్చి చూడుడు. అప్పటికిని సందేహము తీరనిచో వైద్యుని అడుగుడు.

ఈ నెలలో ఒక పని చేయవలెనని మేము కోరుచున్నాము. కాలి సంరక్షణ నియమములను పెద్ద అక్షరములతో తెలుగున వ్రాయుడు. ఆరోగ్యకేంద్రములోని నర్సమ్మగారికి వానిని వివరించి, తప్పులున్న దిద్దుకొనుడు. పిమ్మట వీధిలో అవసరమైన పెద్దలకు నెమ్మదిగా, గౌరవముతో చదివి వినిపింపుడు.